లీనో వాటా

పసిఫిక్ సముద్రంలో చిన్న పగడపు లంకలు, మధ్యలో ఉప్పునీటి మడుగు. సులియా ఇంటి వెనక వంటపాక. సులియా చేపలు బాగుచేస్తోంది. మూల చాపమీద ఆమె ముసలి అత్త నిద్రపోతోంది. ఊరి చేపలకి వాటాలు వేసే తినియేలు, ఆమెకి పెద్దమ్మ కొడుకు, గుమ్మంలో నిలబడ్డాడు.

"లెక్క తప్పానంతే సులియా. ఎండలో కళ్ళు చెదిరాయి."

"పంపకం జరిగింది సాయంత్రం. అప్పుడెక్కడి ఎండ?"

"అంటే, పొద్దుటి ఎండ. రోజంతా పడవలోనే ఉన్నాం కదా, దిగాక కూడా తల తిరుగుతూనే ఉంది. చేప కూడా ఎక్కువొచ్చింది. కుప్పలు ఎక్కువైతే ఎవరికైనా తప్పుతుంది."

"ఎవరికైనా తప్పుతుంది. నీకు తప్పదు. లోపలికి రా అన్నయ్యా, గుమ్మంలో నిలబడితే నాకు గాలి రాదు."

"మళ్ళీ వస్తాలే. పడవ దగ్గర కాస్త పని..."

"పడవ పొద్దున్నే వెళ్ళిపోయింది. ఇవాళ నీ వంతు కూడా కాదు. చేతిలో ఏంటది?"

"ఇదా. ఇదే, నిన్నటి వాటా. లీనోది. తప్పు నాదే కాబట్టి నేనే పట్టుకొచ్చాను. మంచి చేప, చూడు. ఆకులో చుట్టి తెచ్చాను."

"అక్కడ పెట్టు. పీట మీద కాదు, కింద. దాన్ని నేను ముట్టుకోను."

"అదేంటమ్మా."

"ఇంటికి తెచ్చి చేతిలో పెడితే అది దానం. వాటా అంటే అక్కడ, ఊరంతా చూస్తుండగా, పేరు పిలిచి నేలమీద వెయ్యాలి. ఈ మాట నాకు చెప్పిందెవరు? మీ నాన్నే కదా."

"ఆయన పోయి ఎన్నేళ్ళయిందో. ఇంకా ఆయన్ని నామీదకి తోలకు."

"మా ఇంటికి ఎన్ని వాటాలన్నయ్యా?"

"ఐదు."

"ఎవరెవరివి?"

"బడిపిల్లాడిలా అప్పజెప్పమంటావా ఏంటి?"

"అప్పజెప్పు."

"నీది. మీ అత్తది. లీనోది. పెటెలోది. పాపది."

"నిన్న మా అత్త పేరు తర్వాత ఎవరి పేరు పిలిచావు?"

"పెటెలో."

"మధ్యలో ఎవరున్నారు?"

"లెక్క తప్పానని చెప్పాను కదా సులియా."

"లెక్క తప్పేవాడు చివర్లో తప్పుతాడు. నువ్వు మధ్యలో ఆగావు. చేప చేతిలో పట్టుకుని ఆగి, మళ్ళీ బుట్టలో పడేశావు. నేను చూశాను. నా పక్కన సెమీసి పెళ్ళాం చూసింది. మీ చర్చివాళ్ళు చూశారు, మా చర్చివాళ్ళు చూశారు. ఎవరూ కిక్కురుమనలేదు. చేప చిన్నదైతేనే గొడవకి దిగే జనం, నిన్న నోళ్ళు మూసుకుని నేలచూపులు చూశారు. ఎందుకంటావు?"

"చీకటి పడుతోంది. ఇళ్ళకి వెళ్ళే తొందర."

"ఇందాక ఎండన్నావు."

"సులియా, నన్ను వెళ్ళనీ తల్లీ."

"ఎవరే అది? ఎవరొచ్చారు?"

"తినియేలు వచ్చాడత్తా."

"ఎవరూ?"

"తినియేలు. వాటాలు వేసే తినియేలు."

"లీనో వచ్చాడా?"

"లేదత్తా. ఇంకా రాలేదు."

"వస్తే నా కాళ్ళు పిసకమను. నీ చేతుల్లో బలం లేదు."

"అలాగే అత్తా."

"వాడి వాటా మీద మూత పెట్టు. పిల్లి తినేస్తుంది."

"పెట్టాను. పడుకో."

"రోజూ ఇంతేనా, మీ అత్త?"

"నిద్రలేచినప్పుడల్లా ఇంతే. చెవులు పోయాయి, కళ్ళు సగం పోయాయి, మనవడు మాత్రం గుర్తున్నాడు. కూర్చో అన్నయ్యా. కొబ్బరినీళ్ళు తాగు."

"అదికాదు సులియా, నువ్వొక్కటి ఆలోచించు. వాడికోసం ఊరు ఊరంతా తిరుగుతోందా లేదా? నువ్వు మా ఇంట్లోంచి వెళ్ళి వాళ్ళలో పెళ్ళి చేసుకున్నప్పటి నుంచీ చూస్తున్నాను, మీ చర్చీ మా చర్చీ ఒక్క పనైనా కలిసి చేశాయా? పెళ్ళికి పిలిస్తే భోజనం వేరు. ఎవరన్నా పోతే ఏడుపు వేరు. ఊరికని ఇచ్చిన పడవ, దానికి పేరు కూడా ఒకటి పెట్టలేకపోయాం."

"ఎడమవైపు నోవహు ఓడ, కుడివైపు సముద్రతార."

"నువ్వు నవ్వినా నవ్వకపోయినా అంతే. ఆ పేర్ల గొడవ తీరిందిరా అనుకునేసరికి ఆదివారం గొడవ. మీవాళ్ళేమో పూజ అయ్యాక వేటకి వెళ్తామంటారు. మా పాస్టరుగారేమో ఆదివారం నీళ్ళలో దిగిన పడవలో మావాళ్ళు సోమవారం కూడా కాలు పెట్టరంటారు. ఆఖరికి షెడ్డుకి రెండు తాళాలు. ఒక తాళంచెవి మీ చర్చి ఉపదేశి దగ్గర, ఇంకోటి మా పాస్టరుగారి దగ్గర. రెండేళ్ళు ఆ పడవ మీద కోళ్ళు పడుకున్నాయి. అలాంటిది లీనో రాలేదని తెలిసిన మర్నాడు, ఆదివారం నాడు, పాస్టరుగారు ఆ తెల్లబట్టలతోనే పరిగెత్తుకొచ్చి తాళం తీశారు. ఆదివారం సులియా. ప్రసంగం మధ్యలో వదిలేసి."

"చూశాను."

"మీ ఉపదేశి తాళంచెవి దొరక్క రాయితో బద్దలుకొట్టాడు."

"అదీ చూశాను. రాళ్ళ మీదనుంచి పడవ తోస్తుంటే పాస్టరుగారి తెల్ల లుంగీ చిరిగింది. నేనే కుట్టి పంపించాను."

"మరి? న్యూజిలాండ్ నుంచి విమానమొచ్చి ఒక రోజంతా తిరిగి వెళ్ళిపోయింది. మనవాళ్ళు ఆపారా? ఇప్పటికీ ప్రతి పొద్దునా వెళ్తున్నారా లేదా? అలాంటి ఊరిని పట్టుకుని ఒక చేప దగ్గర ఇంత నిలదీస్తున్నావు."

"నిలదీసేది ఊరిని కాదు, నిన్ను. ఒకటడుగుతాను చెప్పు. నేలమీద ఉన్నవాళ్ళకి వాటా ఉంది. సముద్రంమీదకి వెళ్ళినవాళ్ళకీ ఉంది. నిన్న పుట్టిన పిల్లకీ ఉంది, మతి పోయిన ముసలివాళ్ళకీ ఉంది. ఎవరికి లేదు?"

"తెలిసిన సంగతే కదా."

"ఎవరికి లేదన్నయ్యా?"

"పోయినవాళ్ళకి."

"మరి లీనో?"

"చెయ్యి రాలేదు సులియా."

"ఊఁ."

"అంతకుముందు రోజుల్లో వచ్చింది. కళ్ళు మూసుకుని వేసేశాను. నిన్న పేరు నోటిదాకా వచ్చింది, చెయ్యి మాత్రం కిందికి దిగలేదు. మా నాన్న నాకు ఒక్కటే నేర్పాడు. లేని మనిషికి వాటా వేస్తే ఉన్న మనిషి నోటి దగ్గరిది లాక్కున్నట్టే అని. అదే చెవిలో మోగింది."

"ఎక్కడ దొరికింది?"

"ఏది?"

"వాడి పడవ."

"పడవ దొరికిందని నేననలేదే."

"నువ్వనలేదు. నేనడుగుతున్నాను."

"సులియా..."

"ఎక్కడ దొరికిందో చెప్పు. ఎలా ఉందో చెప్పు. అంతా చెప్పు. మెల్లగా మాట్లాడక్కర్లేదు, అత్తకి వినపడదు."

"ఓడొచ్చేదాకా నీకు చెప్పకూడదని ఒట్టేసుకున్నాం. అందరం. పాస్టరుగారి చెయ్యి మీద మీ ఉపదేశి చెయ్యి, ఆయన చేతిమీద మా అందరివీ. లోసా ఆపియాలో ఓడెక్కిందట. కూతురు పక్కనుండగా చెప్పాలనుకున్నాం. ఆవిడ ఒక్కతే వినకూడదురా అన్నాడు మీ ఉపదేశి. మొగుడు లేడు, ఇంట్లో ఆ ముసలావిడ, ఆ పసిదీ, ఈ పెటెలో తప్ప ఎవరూ లేరు, ఎవరిని పట్టుకుని ఏడుస్తుంది అన్నాడు."

"మంచి మాటే అన్నాడు. పడవ సంగతి చెప్పు."

"మూడోరోజు దొరికింది. నాలుగోరోజో. పడమటివైపు, నేల కనపడనంత దూరంలో. బోర్లాపడి ఉంది. పక్షులు వాలి ఉంటే తెల్లగా కనపడి దగ్గరికి వెళ్ళాం."

"పక్షులు."

"పడవ మీదే. ఇంకేం లేదు. నువ్వు అలా అనుకోకు. వాడు లేడక్కడ."

"తిప్పి చూశారా?"

"చూశాం. మోటారు లేదు, ఊడిపోయింది. నీళ్ళు తోడే డబ్బా ముడేసినట్టే ఉంది. కూర్చునే చెక్కకి తాడు కట్టుకున్నాడు సులియా. ఇంకో చివర ఉచ్చులా ఉంది. నడుముకి కట్టుకున్నట్టున్నాడు. అది... ఖాళీగా ఉంది."

"ముడి విప్పి ఉందా, తెగి ఉందా?"

"నాకెందుకు తల్లీ ఈ పరీక్ష?"

"విప్పి ఉందా?"

"ముడి ముడిలాగే ఉంది. మనిషే జారిపోయాడు."

"చిక్కిపోయి ఉంటాడు. నడుము సన్నబడిపోతే జారదూ మరి. తిండిలేక. తర్వాత?"

"తర్వాత ఏముంది. ఆ పడవని తాడేసి లాక్కొచ్చి, మడుగుకి అవతల, మనుషులు లేని ఆ చిన్న లంకలో దాచాం. కొబ్బరాకులు కప్పాం. పడవలోనే ప్రార్థన చేసుకున్నాం. మీ ఉపదేశి మీరు మొదలెట్టండి అన్నాడు. పాస్టరుగారు లేదు, మీ పిల్లాడు, మీరే మొదలెట్టండి అన్నారు. మీరంటే మీరని కాసేపయ్యాక, ఎవరూ మొదలెట్టకుండానే అందరికీ ఏడుపొచ్చేసింది. అదే ప్రార్థన అనుకో."

"నువ్వూ ఏడ్చావా?"

"వాడు నా భుజాలమీద పెరిగినవాడే కదా."

"అయితే ఆ రోజునుంచీ వెతకడం లేదు."

"ఇంకేం వెతుకుతాం? అలాగని మానేస్తే నీకు తెలిసిపోతుంది. అందుకని పొద్దున్నే నీ ముందునుంచే తోసుకుని వెళ్తున్నాం. లంక వెనక్కి తిప్పి మోటారు ఆపేసి కూర్చుంటున్నాం, సాయంత్రం దాకా. నువ్వు రేవులో నిలబడి చెయ్యి ఊపుతుంటే ఒక్కడూ నీ మొహంలోకి చూడలేడు. నువ్వేమో తిండిబుట్ట కూడా ఇస్తావు, సీమపనస కాల్చి, చేమదుంపలుడికించి, చేప వండి. అది విప్పడానికి కూడా చేతులు రావు. తిట్టు సులియా. ఏదో ఒకటి అను."

"ఏమనాలి?"

"అదేంటి, నీ కంట్లో నీళ్ళే లేవు. నేనింత చెప్పాను. నీకు బాగానే ఉందా? పెటెలోని పిలవనా?"

"ఏడ్చేశానన్నయ్యా."

"ఎప్పుడు?"

"అత్త పక్కన కూర్చుని ఏడుస్తాను. ఆవిడకి వినపడదు. బయటికీ వినపడదు, నోట్లో గుడ్డ పెట్టుకుంటే."

"అది వాడు రాలేదని. నేనడిగేది..."

"వాడు రాడని. నీకిప్పుడొక చేప కోసి చూపిస్తాను, ఇలా వంగు. నిన్న మీరు తెచ్చిందే. ఇదిగో కడుపు. ఏముంది?"

"ఏముంది, పేగులు."

"వేలితో నలిపి చూడు."

"ఇసుక."

"రాళ్ళ దగ్గర మేసే చేప. పగడాన్ని కొరికి మింగుతుంది, కడుపునిండా ఇసుకే. నేల కనపడనంత దూరం వెళ్ళి వెతికి వచ్చామని చెబుతూ, ప్రతి సాయంత్రం ఇసుక మేసిన చేపలు తెచ్చి కుప్పలు పోస్తున్నారు. నడిసముద్రంలో ఇసుక ఎక్కడ మేసిందది? మొదటి మూడు రోజులూ సూర చేప తెచ్చారు, నిజంగానే దూరం వెళ్ళారు. తర్వాత ఒకరోజు ఇది వచ్చింది. కోశాను. వేళ్ళకి ఇసుక తగిలింది. ఆ రోజు ఏడ్చాను."

"ఆ రోజే తెలుసా నీకు?"

"ఆ ఒక్కటే తెలుసు. తాడు సంగతి తెలీదు. అది నువ్విప్పుడు చెబితేనే తెలిసింది."

"దేవుడా. ఇన్నాళ్ళూ... ఊళ్ళో ఒక్క మగాడికీ ఆ ఆలోచన రాలేదు."

"మగాళ్ళు చేపలు పడతారు. కడుపులు కోసేది మేం కదా. మీ ఇంట్లో వదినకి కూడా తెలిసే ఉంటుంది, అడుగు. పైగా పొగొకటి. మడుగుకి అవతల లంకలో మిట్టమధ్యాహ్నం పొగ లేస్తుంటే ఇక్కడికి కనపడదనుకున్నారా?"

"ఆకలేసి కాల్చుకున్నాం. సులియా, ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. మొన్న అక్కడ నవ్వాం."

"ఎవరు?"

"అందరం. పేకాడుతున్నాం. మా పాస్టరుగారు పేకాడ్డం ఎప్పుడైనా విన్నావా? మీ ఉపదేశి జట్టులో కూర్చున్నారు. మీ ఉపదేశి ముక్కలు దొంగిలిస్తే ఈయన కళ్ళు మూసుకుని స్తోత్రం చెబుతారు, మేం చూడకుండా. సెమీసి పట్టేశాడు. ఇంక నవ్వు ఆగలేదు. కడుపులు పట్టుకుని నవ్వాం. పక్కనే కొబ్బరాకుల కింద వాడి పడవ. ఎవడో అటు చూశాడు, అప్పుడాగింది. నాకు మాత్రం ఆ రోజునుంచీ అన్నం సయించడం లేదు. నిన్న చెయ్యి రాలేదంటే, ఆ నవ్వే అడ్డం పడిందనుకో."

"ముక్కలు దొంగిలించింది మా ఉపదేశా?"

"ఆయనే."

"ఆయనే కదా మాకు దొంగిలించకూడదని బోధించేది. ఫాదర్ రానప్పుడు."

"నవ్వుతున్నావా సులియా, ఏడుస్తున్నావా?"

"ఏమో. కత్తి పట్టుకో కాసేపు."

"ఏడువు తల్లీ. ఇప్పుడింక దాచుకునే పని లేదు. పడవ రాగానే అందరికీ చెప్పేస్తాను, సులియాకి తెలిసిపోయిందిరా అని. గుండెలమీద బరువు దిగిపోతుంది ఊరికి. రెండు చర్చిల గంటలూ మోగిద్దాం. ఓడొచ్చాక, లోసా కూడా ఉంటుంది..."

"అందుకే నిన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను."

"ఎందుకు?"

"నిజం తెలుసుకుందామని కాదు. నువ్వు చెడగొట్టావని. ఊరంతా చూస్తుండగా నాలుగు వాటాలు వేశావు. ఇప్పుడు అందరూ ఏమనుకుంటున్నారు? సులియా చూసేసింది, సులియాకి అర్థమైపోయింది అనుకుంటున్నారు. రేపు పొద్దున్న పడవ తోయడానికి ఎవరొస్తారు?"

"ఇంకా తోయడమెందుకు?"

"నిన్న రాత్రి మీ చర్చి అరుగుమీద ఏం మాట్లాడుకున్నారు అన్నయ్యా?"

"నీకెవరు చెప్పారు?"

"పెటెలో విన్నాడు. చెప్పు."

"ఏవో మాటలు. ఇంత జరిగాక తలొకటి అంటారు కదా."

"ఏమన్నారు?"

"తాళంచెవి ఇవ్వనిది మీ ఉపదేశేనన్నాడు ఒకడు. అంతే, ఇంకోడు అందుకున్నాడు. నేను వారించాను."

"మా చర్చి వెనకా ఇవే మాటలు. పాస్టరు ఇవ్వలేదు కాబట్టే పిల్లాడు ఆ చిల్లుపడవలో వెళ్ళాడట. నిజమేంటో నాకు తెలుసు. వాడు శుక్రవారం ఊరి పడవ అడగడానికి ఇద్దరి దగ్గరికీ వెళ్ళాడు. పాస్టరుగారు వాళ్ళిస్తే మేమిస్తామన్నారు. ఉపదేశీ అదే మాటన్నాడు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు నాకు. అమ్మా, ఇద్దరూ ఒక్క మాటమీదే ఉన్నారే అన్నాడు. పొద్దున్నే ఆ డొక్కుపడవ తోసుకుని వెళ్ళిపోయాడు."

"సులియా, ఆ మాట నువ్వు ఊళ్ళో అంటే..."

"అనను. అందుకే చెబుతున్నాను. వాడు తప్పిపోయినంతకాలం, వాడెక్కడున్నాడని వెతుకుతారు. వాడు పోయాడని తెలిస్తే, ఎవరివల్ల పోయాడని వెతుకుతారు. ఆదివారం వచ్చేసరికి షెడ్డుకి రెండు తాళాలు పడతాయి. ఈసారి పాస్టరుగారు లుంగీ చిరిగినా తియ్యరు."

"పడవలో వాళ్ళు ఒకళ్ళ చేతిమీద ఒకళ్ళు ఒట్టేసుకున్నారమ్మా. అంత తేలిగ్గా..."

"ఆ ఒట్టు దేనిమీద? నాకు చెప్పకూడదని. నాకు తెలిసిపోతే ఇంకా ఆ ఒట్టేముంది? ఎవరింటికి వాళ్ళు పోతారు. నాకు ఇంకో కొడుకున్నాడన్నయ్యా. పెటెలో పొద్దున్న లేస్తే సముద్రం వైపే చూస్తాడు, వాళ్ళన్నలాగే. రేపు వాడు ఏ పడవలో వెళ్తాడు? కొబ్బరాకుల కింద పెట్టారే, ఆ పడవే బాగుచేసుకుని వెళ్తాడు. నా పెద్దాణ్ణి ఆ తాళాలకి ఇచ్చేశాను. వీణ్ణి ఇవ్వను."

"అయితే ఎన్నాళ్ళు ఇలా? నువ్వు తెలియనట్టు, మేం వెతుకుతున్నట్టు."

"పాస్టరుగారూ ఉపదేశీ పక్కపక్కన కూర్చోవడం అలవాటయ్యేదాకా. ఆ పడవ నీళ్ళలో ఉండటం ఊరికి అలవాటయ్యేదాకా. ఆ లంక దగ్గరే కూర్చోమనడం లేదు నేను. వెళ్ళండి, దూరం వెళ్ళండి, సూర చేప తీసుకురండి. మీ పిల్లల్నీ మా పిల్లల్నీ ఎక్కించుకోండి. పెటెలోని ఎక్కించుకోండి."

"మరి లోసా? రేపో ఎల్లుండో దిగుతుంది."

"దానికి నేను చెప్పుకుంటాను. అత్త దగ్గర కూర్చోబెట్టి."

"ఆ పిల్ల ఏడవకుండా ఉంటుందా?"

"నా కూతురు. ఉంటుంది."

"నాకు ఒప్పడం లేదు సులియా. నువ్వు చెప్పేది తలకెక్కింది, చెయ్యే... పోయినవాడి పేరు పిలిచి రోజూ వాటా వెయ్యమంటున్నావు. ఇంకొకరి నోటి దగ్గరిది తీసి. ఇన్నేళ్ళలో ఒక్క చేప అటూఇటూ కాలేదు నా చేతిలో."

"వాడి వాటా ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నాననుకున్నావు?"

"ఏం చేస్తావు, ఇంట్లోనే. మీ అత్తకి..."

"పొద్దున్నే వండి, ఆ తిండిబుట్టలో పెడుతున్నాను. పడవలోకి ఇచ్చే బుట్టలో. అక్కడ మీరంతా కలిసి తింటున్నదే."

"మేం తిన్నది లీనో వాటానా?"

"ఒకే ఆకులో తిన్నారా, వేరువేరుగా తిన్నారా?"

"ఒకే ఆకులో. బుట్ట ఒక్కటే కదా ఇస్తావు."

"ఒక్కటే ఇస్తాను. అయితే ఎవరి నోటి దగ్గరిదీ తియ్యలేదు నువ్వు. ఊరి చేప ఊరే తింటోంది. మీ నాన్న ఉన్నా ఒప్పుకునేవాడు."

"ఎవరే, ఇంకా ఉన్నాడా ఆ తినియేలు?"

"ఉన్నాడత్తా. వెళ్తున్నాడు."

"లీనో వాటా తెచ్చాడా?"

"తెచ్చాడత్తా."

"మంచివాడు. వాళ్ళ నాన్నా అంతే. ఒక్క తోక కూడా ఎవరికీ తక్కువ వేసేవాడు కాదు."

"విన్నావుగా."

"విన్నాను. ఏం చెయ్యమంటావో చెప్పు."

"ఆ ఆకులో చేప పట్టుకుపో, మళ్ళీ ఊరి బుట్టలో వెయ్యి. పడవొచ్చే వేళకి రేవులో ఉండు. నిన్న లెక్క తప్పానని అందరిముందూ నువ్వే చెప్పు. ముసలాణ్ణయిపోయాను, కళ్ళు ఆనడం లేదని చెప్పు."

"నవ్వుతారు. తినియేలుకి లెక్క రాదని పిల్లలు పాట కడతారు. మా నాన్న పేరు కూడా లాగుతారు."

"నవ్వనీ. కలిసి నవ్వుతారుగా."

"నా వల్ల కాదేమో సులియా."

"రోజూ పొద్దున్నే రేవులో నిలబడి మీకు చెయ్యి ఊపడం నా వల్ల అవుతోంది. ఇవాళ మా అత్త పేరు తర్వాత ఆగకు."

"ఆగను."

"గట్టిగా పిలువు. అందరికీ వినపడాలి."

"పిలుస్తాను. మరి వాళ్ళు ఊరుకోరు కదా. నా చుట్టూ మూగి అడుగుతారు, సులియా దగ్గరికి వెళ్ళావట, ఏమంది అని. ఏం చెప్పను?"

"కొడుకు వాటా తగ్గించినందుకు నోటికొచ్చినట్టు తిట్టిందని చెప్పు. వాడు తిరిగొచ్చి అడిగితే ఏం చెప్పమంటావని నిలదీసిందని చెప్పు. సులియాకి ఇంకా ఏమీ తెలీదని చెప్పు."